ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక ఇంకా చికిత్స కావాలా? తేల్చుకునే క్రమం

"గడ్డ మొత్తం తీసేశాం" అని సర్జన్ చెప్పిన కొద్ది రోజులకే "ఒకసారి మెడికల్ ఆంకాలజిస్టును (మందులతో క్యాన్సర్ చికిత్స చేసే డాక్టరును) కలవండి" అంటారు. అంతా తీసేస్తే మళ్లీ కీమో ఎందుకని ఇంట్లో అందరికీ సందేహం వస్తుంది. కంటికి గానీ స్కాన్‌కు గానీ అందనంత సూక్ష్మమైన క్యాన్సర్ కణాలు ఆపరేషన్‌కు ముందే రక్తంలోకో లింఫులోకో జారి ఉండొచ్చు. గడ్డ పూర్తిగా తీసినా కొందరిలో జబ్బు ఏడాదికో మూడేళ్లకో తిరగబెట్టేది ఇందుకే. ఆ కణాలు ఎవరి ఒంట్లో మిగిలాయో కచ్చితంగా చెప్పే పరీక్ష ఇంకా చేతికి రాలేదు. రక్తంలో ట్యూమర్ డీఎన్ఏ చూసే పరీక్షలు వచ్చాయి గానీ, అందులో నెగెటివ్ వచ్చిందని చికిత్స మానేయడానికి అవి ఇప్పటికి చాలవు. అందుకే తీసిన ముక్క ఇచ్చే ఆనవాళ్లను బట్టి ముప్పును అంచనా వేసి, మందు దాన్ని ఎంత తగ్గిస్తుందో, బదులుగా ఎంత కష్టం తెస్తుందో తూచి నిర్ణయం తీసుకోవాలి.

ఈ తూకానికి ఒక వరస ఉంది: ముందు పెథాలజీ రిపోర్టు, తర్వాత జన్యు పరీక్షలు, ఆ తర్వాత స్టేజ్ లెక్క, ఒంటి సత్తువ, చివరికి మందు. కుటుంబాలు ఎక్కువగా పొరపాటు పడేది ఈ వరస తప్పినప్పుడే.

మొదటి అడుగు: పెథాలజీ రిపోర్టు చదవడం

డిశ్చార్జి సమ్మరీలో రాసే ఒక్క వాక్యం సరిపోదు, పూర్తి హిస్టోపెథాలజీ రిపోర్టు అడిగి తీసుకోండి. సాధారణంగా ఆపరేషన్ అయిన వారం పది రోజులకు వస్తుంది. అందులో ముందు చూడాల్సింది క్యాన్సర్ రకం. ఊపిరితిత్తుల క్యాన్సర్లలో సుమారు 85 శాతం నాన్ స్మాల్ సెల్ రకానివి. అడినోకార్సినోమా, స్క్వామస్ ఈ కోవలోవే, ఈ వ్యాసం కూడా వాటి గురించే. ఆపరేషన్ తర్వాత స్మాల్ సెల్ అని తేలితే గడ్డ ఎంత చిన్నదైనా ఎటొపొసైడ్ అనే కీమో మందుతో ప్లాటినం రకం మందు (సిస్‌ప్లాటిన్ లేదా కార్బోప్లాటిన్) కలిపి నాలుగు విడతలు ఇవ్వడం పద్ధతి. టిపికల్ కార్సినాయిడ్ (నెమ్మదిగా పెరిగే రకం గడ్డ) అని ఉండి గ్రంథులకు పాకకపోతే మందు అవసరం లేదు. రకం పేరు ఒక్కటే దారిని ఇంతగా మార్చేస్తుంది.

తర్వాత చూడాల్సినవి గడ్డ కొలత, లింఫు గ్రంథులు, కోత అంచులు. కొలతను సెంటీమీటర్లలో రాస్తారు. 3 సెంటీమీటర్ల లోపు ఉండి గ్రంథుల్లో ఏమీ లేకపోతే అది స్టేజ్ 1ఎ. 3 దాటి 4 లోపు అయితే 1బి. గడ్డ చిన్నదే అయినా ఊపిరితిత్తిని కప్పే పొర, అంటే విసరల్ ప్లూరా, దాటి చొచ్చుకుపోతే అదీ 1బి కిందికే వస్తుంది. 4 నుంచి 5 సెంటీమీటర్లు 2ఎ. 5 నుంచి 7 వరకు ఉంటే, లేదా ఊపిరితిత్తి మొదట్లోని గ్రంథులకు (ఎన్1) పాకితే 2బి. ఛాతీ మధ్యలోని గ్రంథులకు (ఎన్2) చేరితే ఎక్కువగా 3ఎ అవుతుంది. ఇది స్టేజ్ నిర్ణయించే అంతర్జాతీయ పద్ధతి (టీఎన్ఎం) ఎనిమిదో ఎడిషన్ లెక్క. 2025 నుంచి తొమ్మిదో ఎడిషన్ వాడుకలోకి వచ్చింది. అందులో ఎన్2ను రెండుగా విడదీశారు, కొన్ని కలయికల స్టేజ్ మారింది. ఉదాహరణకు చిన్న గడ్డ (టీ1) ఎన్1తో కలిస్తే పాత లెక్కలో 2బి, కొత్త లెక్కలో 2ఎ. ఒకే రిపోర్టుకు ఇద్దరు డాక్టర్లు వేర్వేరు స్టేజ్ చెబితే కంగారు పడకండి, ఏ ఎడిషన్ ప్రకారం చెప్పారో అడగండి.

గ్రంథుల సంగతి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. రిపోర్టులో "0/14" అని ఉంటే 14 గ్రంథులు చూశారు, దేనిలోనూ క్యాన్సర్ లేదని అర్థం. "0/2" అని ఉన్నా కాగితం మీద ఎన్0 అనే రాస్తారు, కానీ ఈ రెండు ఎన్0లకూ పొంతన లేదు. ఛాతీ మధ్యలో కనీసం మూడు చోట్ల నుంచి, ఊపిరితిత్తి మొదట్లో కనీసం ఒకచోట నుంచి గ్రంథులు తీసి చూడాలన్నది నేటి ప్రమాణం. శ్వాసనాళం రెండుగా చీలే చోట ఉండే ఏడో నంబరు గ్రంథిని చూశారా లేదా ప్రత్యేకంగా గమనించండి. తగినన్ని చూడకపోతే స్టేజ్‌ను నిజం కన్నా తక్కువగా లెక్కకట్టారేమోనన్న అనుమానంతోనే ముందుకు వెళ్లాలి. మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. పాత క్షయ వల్ల ఈ గ్రంథులు ఉబ్బి పెట్ స్కాన్‌లో వెలుగుతుంటాయి. స్కాన్‌లో వెలిగినంత మాత్రాన క్యాన్సర్ అనుకోకూడదు, మైక్రోస్కోప్ కింద చూసినదే తుది మాట.

అంచుల్లో క్యాన్సర్ లేకపోతే ఆర్0 అంటారు. మైక్రోస్కోప్‌లో కణాలు కనిపిస్తే ఆర్1. ఆర్1 అని ఉంటే మళ్లీ ఆపరేషన్ వీలవుతుందా, రేడియేషన్ ఇవ్వాలా అన్నది మిగతా అన్నిటికన్నా ముందు తేల్చాలి.

చివరగా ముప్పు పెంచే చిన్న గుర్తులు: రక్తనాళాల్లోకి, లింఫు నాళాల్లోకి చొరబాటు, పూర్ డిఫరెన్షియేషన్ (కణాలు మామూలు రూపాన్ని బాగా కోల్పోవడం), మైక్రోపాపిల్లరీ లేదా సాలిడ్ తరహా కణాల అమరిక, గాలి తిత్తుల్లోకి కణాలు విడిపోయి చెదరడం. వీటిలో ఏ ఒక్కటీ తనంతట తాను కీమోకు కారణం కాదు, కానీ 1బి లాంటి సరిహద్దు కేసుల్లో తక్కెడను ఒక వైపుకు మొగ్గేలా చేస్తాయి.

రెండో అడుగు: బ్లాక్ మీద మూడు పరీక్షలు

1బి నుంచి 3ఎ వరకు ఎవరికైనా ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే (గడ్డలో మార్పు కోసం చూసే రెండు జన్యువులు), పీడీ-ఎల్1 (గడ్డ కణాల మీద ఉండే ఒక ప్రోటీన్) ఫలితాలు చేతికి రాకుండా మందు నిర్ణయించకూడదు. మన దేశంలో అడినోకార్సినోమా వచ్చినవారిలో దాదాపు నాలుగో వంతు నుంచి మూడో వంతు మందికి ఈజీఎఫ్ఆర్ మార్పు ఉంటుంది. పాశ్చాత్య దేశాల కన్నా ఇది చాలా ఎక్కువ. పొగ తాగని ఆడవాళ్లలో ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది. అంటే ఈ పరీక్ష మనవాళ్లకు మరీ ముఖ్యం.

పరీక్ష చేసేది ఆపరేషన్‌లో తీసిన కణజాలాన్ని మైనంలో భద్రపరిచిన పారఫిన్ బ్లాక్ మీద. కణజాలాన్ని 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో 6 నుంచి 72 గంటలు ఉంచాలి. పండగ సెలవులొచ్చి అంతకన్నా ఎక్కువ నానినా, బఫర్ లేని ఫార్మలిన్ వాడినా డీఎన్ఏ చెడిపోయి రిపోర్టు "ఫెయిల్" అని వస్తుంది. అలా వస్తే "మార్పు లేదు" అని అర్థం కాదు. వేరే బ్లాక్‌తో మళ్లీ చేయించాలి, ఆపరేషన్‌కు ముందు తీసిన బయాప్సీ ముక్క మిగిలి ఉంటే అదీ పనికొస్తుంది. ఎన్‌జీఎస్ ప్యానెల్ (చాలా జన్యువులను ఒకేసారి చూసే పరీక్ష) ఫలితానికి రెండు మూడు వారాలు పడుతుంది, అందుకే పెథాలజీ రిపోర్టు వచ్చిన రోజే పంపించండి. ఆంకాలజిస్టు అపాయింట్‌మెంట్ దాకా ఆగితే నెల రోజులు చేజారతాయి.

"ఈజీఎఫ్ఆర్ పాజిటివ్" అన్న మాటతో తృప్తి పడకండి, ఏ మార్పో పేరు చూడండి. ఎక్సాన్ 19 డిలీషన్, ఎల్858ఆర్ అయితేనే ఆపరేషన్ తర్వాత ఇచ్చే ఒసిమెర్టినిబ్ మాత్రకు ఆధారం ఉంది. ఎక్సాన్ 20 ఇన్సర్షన్‌కు అది వర్తించదు.

ఈ ఫలితాలు రాకముందే ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందులు) మొదలుపెట్టడం పెద్ద తప్పు. ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే మార్పులున్న గడ్డల్లో ఇమ్యునోథెరపీ లాభం చాలా తక్కువ. పైగా అది ఒంట్లో నెలల తరబడి పనిచేస్తూనే ఉంటుంది, ఆ వెనకే ఒసిమెర్టినిబ్ ఇస్తే ఊపిరితిత్తుల వాపు, అంటే న్యుమోనైటిస్, వచ్చే ముప్పు పెరుగుతుంది. ఆపరేషన్‌తో ఒక భాగం పోయిన ఊపిరితిత్తికి అది ప్రాణం మీదికి తెచ్చే సంగతి.

మూడో అడుగు: స్టేజ్‌ను బట్టి లెక్క

స్టేజ్ 1ఎ, అంచులు శుభ్రం, గ్రంథులు సరిగ్గా చూశారు అంటే మందు వద్దు. ఎనిమిదో ఎడిషన్ తయారీకి సేకరించిన లెక్కల ప్రకారం ఆపరేషన్ అయిన 1ఎ వారిలో ఐదేళ్ల తర్వాత జీవించి ఉన్నవారు గడ్డ కొలతను బట్టి 80 నుంచి 90 శాతం. సిస్‌ప్లాటిన్ కీమో మీద 4,584 మంది వివరాలు కలిపి చూసిన లేస్ విశ్లేషణ (2008) 1ఎలో కీమో మేలు చేయకపోగా కీడు చేసే సూచనలు చూపింది. "ఎందుకైనా మంచిది, రెండు విడతలు వేయించేద్దాం" అని బంధువులు ఒత్తిడి పెడతారు. ఒప్పుకోకండి. 1ఎలో మందు వేయకపోవడమే సరైన చికిత్స.

1బి దగ్గర నిర్ణయం నిజంగా కష్టం. ఈజీఎఫ్ఆర్ మార్పు లేకపోతే మామూలుగా కీమో వేయరు. లేస్‌లోనూ 1బికి లాభం తేలలేదు. 4 సెంటీమీటర్లకు దగ్గరగా ఉన్న గడ్డ, ప్లూరా చొచ్చుకుపోవడం, నాళాల్లో చొరబాటు, గ్రంథులు తక్కువగా చూడటం లాంటివి రెండు మూడు కలిస్తే, ఒంట్లో సత్తువ ఉన్నవారితో కీమో గురించి మాట్లాడొచ్చు. ఇక్కడ ఇద్దరు మంచి డాక్టర్లు రెండు మాటలు చెప్పడం వింత కాదు. రోగి మనసు ఎటు మొగ్గితే అటు వెళ్లడం ఇక్కడ న్యాయం.

స్టేజ్ 2, 3ఎలకు ప్లాటినం కీమో ఇవ్వడం ప్రమాణం. అది ఎంత మేలు చేస్తుందో ఉన్నది ఉన్నట్టు చెప్పుకుందాం. లేస్ ప్రకారం ఐదేళ్ల దగ్గర జీవించి ఉన్నవారి శాతం కీమో వల్ల 5.4 పాయింట్లు పెరిగింది. వందమందికి వేస్తే అయిదుగురు అదనంగా దక్కారు. మిగిలినవారిలో కొందరికి ఆపరేషన్‌తోనే నయమైపోయింది, కొందరికి కీమో వేసినా తిరగబెట్టింది. ఆ అయిదుగురు ఎవరో ముందుగా తెలియదు. కీమో వల్లే చనిపోయినవారు సుమారు 1 శాతం. ఈ రెండు అంకెలూ రోగికి తెలియాలి. చాలా ఇళ్లలో జబ్బు పేరే రోగికి చెప్పకుండా పిల్లలు నిర్ణయాలు తీసుకుంటారు. ప్రేమతో చేసేదే అయినా, అర్ధరాత్రి జ్వరం వస్తే ఆసుపత్రికి పరుగెత్తాలని, మూడేళ్లు మాత్ర మానకూడదని తెలియాల్సింది ఆ మనిషికే.

ఈజీఎఫ్ఆర్ మార్పు ఉంటే లెక్క మారుతుంది. అడారా పరిశోధనలో 682 మందిలో సగం మందికి ఒసిమెర్టినిబ్ 80 మిల్లీగ్రాములు రోజుకొకటి మూడేళ్లు ఇచ్చారు. ఐదేళ్లకు జీవించి ఉన్నవారు మందు వాడినవారిలో 88 శాతం, వాడనివారిలో 78 శాతం. 2, 3ఎ స్టేజీలే చూస్తే 85, 73. ఆ పరిశోధన ఏడో ఎడిషన్ మీద నడిచింది, అప్పటి 1బిలో 5 సెంటీమీటర్ల వరకు గడ్డలు ఉండేవి. ఇప్పటి 1బి రోగి తన ముప్పు వారికన్నా కొంచెం తక్కువని గుర్తుంచుకుని ఈ అంకెలు చదవాలి. 2, 3ఎలో సాధారణంగా ముందు నాలుగు విడతల కీమో, తర్వాత ఈ మాత్ర. కీమో తట్టుకోలేనివారికి నేరుగా మాత్ర ఇవ్వడానికీ ఆధారం ఉంది. మాత్రతో లాభం కీమో వేయించుకున్నవారిలోనూ వేయించుకోనివారిలోనూ కనిపించింది.

ఏఎల్‌కే మార్పు ఉంటే అలెక్టినిబ్. 600 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, భోజనంతో, రెండేళ్లు. అలీనా పరిశోధనలో 2, 3ఎ స్టేజీల్లో రెండేళ్లకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు అలెక్టినిబ్‌తో 93.8 శాతం, కీమోతో 63 శాతం. ఇందులో మాత్రను కీమోకు బదులుగానే ఇచ్చారు, కాబట్టి ఇక్కడ కీమో తప్పనిసరి కాదు.

రెండు మార్పులూ లేకపోతే కీమో అయ్యాక ఇమ్యునోథెరపీ ప్రశ్న వస్తుంది. అటెజోలిజుమాబ్ గానీ పెంబ్రోలిజుమాబ్ గానీ మూడు వారాలకోసారి, దాదాపు ఏడాది. పీడీ-ఎల్1 50 శాతం, ఆపైన ఉన్నవారిలో అటెజోలిజుమాబ్ లాభం బలంగా కనిపించింది. 1 నుంచి 49 మధ్య లాభం పలచన. పెంబ్రోలిజుమాబ్ పరిశోధనలో మాత్రం పీడీ-ఎల్1 పెరిగేకొద్దీ లాభం పెరిగినట్టు తేలలేదు. 2024లో వెలువడిన డర్వాలుమాబ్ (ఇంకో ఇమ్యునోథెరపీ మందు) పరిశోధనలో ఆపరేషన్ తర్వాత మాత్రమే ఇస్తే మేలు కనపడలేదు. అందుకే పీడీ-ఎల్1 తక్కువ ఉన్నవారు అప్పులు చేసి దీని వెంట పడటం మాకు సమ్మతం కాదు. ఆపరేషన్‌కు ముందే కీమోతో కలిపి ఇమ్యునోథెరపీ తీసుకున్నవారిది వేరే దారి. వాళ్ల రిపోర్టులో గడ్డ ఎంత శాతం బతికి ఉందో రాస్తారు, తర్వాతి నిర్ణయం దాన్ని బట్టి ఉంటుంది.

రేడియేషన్ గురించి క్లుప్తంగా: అంచులు శుభ్రంగా ఉండి ఎన్0, ఎన్1 అయితే వద్దు, కీడే ఎక్కువ. ఎన్2 ఉన్నా అందరికీ అక్కర్లేదు. లంగ్ ఆర్ట్ పరిశోధనలో (501 మంది) మూడేళ్లకు జబ్బు లేకుండా ఉన్నవారు రేడియేషన్‌తో 47 శాతం, లేకుండా 44 శాతం. ఆ తేడా లెక్కకు నిలవలేదు. గుండె, ఊపిరితిత్తుల వల్ల మరణాలు మాత్రం పెరిగాయి.

నాలుగో అడుగు: ఒళ్లు సిద్ధంగా ఉందా

కీమో ఆపరేషన్ తర్వాత 4 నుంచి 8 వారాల మధ్య మొదలుపెట్టడం మేలు. గాయం మానకపోతే, చీము ఉంటే 12 వారాల దాకా ఆగొచ్చు. ఆలస్యమైందని ఆశ వదులుకోనక్కర్లేదు. నాలుగు నెలల వరకు ఆలస్యమైనవారిలోనూ లాభం కనిపించిన వివరాలు అమెరికా రికార్డుల్లో ఉన్నాయి. తొందరపడి గాయం మానకముందే మొదలుపెట్టడమే ఎక్కువ ప్రమాదం.

సిస్‌ప్లాటిన్ ఇవ్వాలంటే మామూలుగా క్రియాటినిన్ క్లియరెన్స్ (కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం) నిమిషానికి 60 మిల్లీలీటర్లు ఉండాలి. క్రియాటినిన్ 1.1 ఉంటే నార్మల్ అనుకుంటాం, కానీ 70 ఏళ్ల బక్కపలుచని మనిషిలో క్లియరెన్స్ 45కు పడిపోయి ఉండొచ్చు. లెక్క కట్టి చూపించమని అడగండి. వినికిడి పరీక్ష, హెపటైటిస్ బి పరీక్ష (పాత ఇన్ఫెక్షన్ చూసే కోర్ యాంటీబాడీతో సహా), గుండె ఎకో చేయించండి. షుగర్ వల్ల కాళ్ల తిమ్మిర్లు ఉన్నవారికి సిస్‌ప్లాటిన్ వాటిని ఇంకా పెంచుతుంది. కిడ్నీ, చెవి, నరాలు బాగోకపోతే కార్బోప్లాటిన్ వైపు వెళ్తారు. వయసు ఒక్కటే అడ్డు కాదు. తన పని తాను చేసుకుంటూ నడవగలిగే 72 ఏళ్ల వ్యక్తికి ఇవ్వొచ్చు, రోజులో సగం మంచం మీదే ఉండే 55 ఏళ్ల వ్యక్తికి ఇవ్వకూడదు. 2, 3ఎ స్టేజీల్లో మెదడు ఎంఆర్ఐ ఆపరేషన్‌కు ముందు చేయకపోయి ఉంటే ఇప్పుడు చేయించాలి.

ఐదో అడుగు: మొదలుపెట్టాక తప్పులు జరిగే చోట్లు

స్క్వామస్ కాని రకానికి ఎక్కువగా వాడేది సిస్‌ప్లాటిన్ 75, పెమెట్రెక్సెడ్ 500 మిల్లీగ్రాములు (శరీర వైశాల్యం చదరపు మీటరుకు), 21 రోజులకోసారి, నాలుగు విడతలు. పెమెట్రెక్సెడ్‌కు వారం ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ రోజూ వేసుకోవాలి, బి12 1000 మైక్రోగ్రాముల ఇంజెక్షన్ వేయించుకోవాలి. ఇవి బలం మందులు కదా అని కొందరు తేలిగ్గా వదిలేస్తారు. అవి లేకుండా పెమెట్రెక్సెడ్ పడితే నోరు పూయడం, రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోవడం ఖాయంగా పెరుగుతాయి.

కిడ్నీని కాపాడుకోవడం రెండోది. వాంతులతో నీళ్లు తగ్గి, దానికి మే నెల ఎండ తోడైతే సిస్‌ప్లాటిన్ కిడ్నీని దెబ్బతీస్తుంది. గుండె జబ్బు లేకపోతే మందు తర్వాతి మూడు రోజులు రెండు మూడు లీటర్ల ద్రవాలు తాగాలి, తాగింది నిలవకపోతే సెలైన్‌కు వెళ్లాలి. ఆపరేషన్ చోట నొప్పికి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కొనుక్కోకండి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర జ్వరానికి జెంటామైసిన్, అమికాసిన్ ఇంజెక్షన్లు వేయించుకోకండి. సిస్‌ప్లాటిన్‌తో కలిస్తే కిడ్నీకి, చెవికి రెండింతల దెబ్బ.

జ్వరం 100.4 ఫారెన్‌హీట్ దాటితే, ముఖ్యంగా కీమో తర్వాత 7 నుంచి 14 రోజుల మధ్య, ఇంట్లో డోలో వేసుకుని పొద్దున చూద్దామనుకోవద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్లి కౌంట్ చూపించాలి. కీమో మరణాల్లో చాలావరకు ఆపగలిగినవి ఇవే.

ఒసిమెర్టినిబ్ వాడేవారు క్షయ మందు రిఫాంపిసిన్, ఫిట్స్ మందులు ఫెనిటాయిన్, కార్బమజెపిన్ వాడుతుంటే ముందే చెప్పాలి, అవి మాత్ర బలాన్ని బాగా తగ్గించేస్తాయి. విరేచనాలు, గోళ్ల పక్కన పుండ్లు సాధారణం. కొత్తగా ఆయాసం, పొడిదగ్గు వస్తే మాత్ర ఆపి ఆ రోజే ఫోన్ చేయాలి. అలెక్టినిబ్‌తో కండరాల నొప్పులు, మలబద్ధకం, నాడి నెమ్మదించడం, ఎండకు చర్మం కమలడం ఉంటాయి. మొదట్లో రెండు వారాలకోసారి సీపీకే (కండరాల దెబ్బను చూపే రక్తపరీక్ష), లివర్ పరీక్షలు చేయించాలి. ఇమ్యునోథెరపీలో థైరాయిడ్, షుగర్ చూస్తుండాలి. విరేచనాలు, దగ్గు దాని వల్లే కావొచ్చు. నెలల తర్వాత వచ్చినా సరే, ఆ మందు తీసుకున్నానని ఏ డాక్టరుకైనా చెప్పాలి.

డబ్బు లెక్క మొదటి రోజే

మొదటి నెల మాత్రలు కొని ఆరో నెలలో ఆపేసేవారు చాలామంది. మూడేళ్ల ఒసిమెర్టినిబ్ అంటే 1,095 మాత్రలు. అలెక్టినిబ్ గొట్టం మాత్రలు (క్యాప్సూల్స్) 150 మిల్లీగ్రాములవి రోజుకు ఎనిమిది, రెండేళ్లకు 5,840. మొత్తం ఖర్చు కాగితం మీద వేయించండి. 2024 జులైలో ఒసిమెర్టినిబ్, డర్వాలుమాబ్‌ల మీద దిగుమతి సుంకం ఎత్తేశారు. తయారీ కంపెనీలు కొన్ని నెలలు కొంటే మిగతావి ఉచితంగా ఇచ్చే పథకాలు నడుపుతుంటాయి, ఆంకాలజిస్టు దగ్గర ఫారం ఉంటుంది. తెలంగాణ ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. అయినా మీకు రాసిన మందు ప్యాకేజీలో ఉందో లేదో ఆరోగ్యమిత్రను పేరు చెప్పి అడగాలి. ప్రైవేటు పాలసీల్లో నోటి కీమోకు, ఇమ్యునోథెరపీకి విడిగా ఉప పరిమితి ఉంటుంది, ఆ పేజీ చూసుకోండి. మామూలు కీమో మందులు జెనరిక్‌లో చవకే.

సరిహద్దు కేసులకు రెండో అభిప్రాయం తీసుకోండి. హైదరాబాద్ ఎంఎన్‌జే, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి లాంటి చోట్లకు వెళ్లేటప్పుడు సీడీ, రిపోర్టులతో పాటు స్లైడ్లు, బ్లాక్‌లు కూడా పట్టుకెళ్లండి. బ్లాక్ ఇచ్చేటప్పుడు నంబరు రాసుకుని రశీదు తీసుకోండి, అది పోతే మళ్లీ పుట్టదు.

చికిత్స ఉన్నా లేకున్నా

మొదటి రెండు మూడేళ్లు ఆరు నెలలకోసారి ఛాతీ సీటీ, తర్వాత ఏడాదికోసారి లో-డోస్ సీటీ. మాత్రల కోర్సు పూర్తయ్యాక కూడా ఈ వరస తప్పకూడదు, ఒసిమెర్టినిబ్ ఆపాక కొందరిలో జబ్బు తిరిగొచ్చింది. పొగ, గుట్కా పూర్తిగా మానాలి. ఫ్లూ, న్యుమోకాకల్ టీకాలు వేయించుకోవాలి. స్కాన్ల మధ్యలో తగ్గని తలనొప్పి, ఎముక నొప్పి, దగ్గులో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం కనిపిస్తే తర్వాతి తేదీ దాకా ఆగకుండా వెళ్లండి. వెళ్లేటప్పుడు పెథాలజీ, జన్యు రిపోర్టులు, వాడిన మందుల పేర్లు, విడతల తేదీలు ఒకే ఫైల్లో పెట్టుకుని, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లోనూ ఫొటోలు ఉంచండి.